దొడ్డి బయట కట్టేసిన మెయిల్

కోదాడ బస్టాండు వెనక సందులో మా రెండు కొట్లకూ ఒకటే షట్టరు. కుడివైపు నాది, జాకెట్లు కుడతాను. ఎడమవైపు నాగరాణిది, జిరాక్సు, నెట్టు. మధ్యన ఒక ప్లైవుడ్ చెక్క. అటు ఎవరు గుసగుసలాడినా ఇటు నాకు వినపడుతుంది. వినకూడదని నేనెప్పుడూ అనుకోలేదు. పదకొండేళ్లుగా ఆమె బతుకు అలా వింటూనే ఉన్నాను కనుక ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను.

మాది జగ్గయ్యపేట. నా మాటతీరు చూసి నాగరాణి "ఆంధ్రక్కా" అని ఆటపట్టిస్తుంది గానీ నా అసలు పేరు విజయ. ఆమెది ఆత్మకూర్ (ఎస్) దగ్గర గొర్లు కాసే ఇల్లు. వాళ్ల నాన్న ఎర్రయ్యకు ఒకప్పుడు రెండు వందల జీవాలు ఉండేవి. గొర్రెలనూ మేకలనూ వాళ్లు జీవాలంటారు. సెలవుల్లో ఆ మంద వెనక తిరుగుతూనే నాగరాణి డిగ్రీ దాకా చదివింది. మనిషి మెత్తన, పని గట్టి. లోపం ఒక్కటే, ఎవరినీ కాదనలేదు.

ఆ కాదనలేకపోవడం ఎంతదాకా పోయిందో చెబుతాను. ఉద్యోగాల ఫారాల్లో మెయిల్ అని ఒక గడి ఉంటుంది. ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లు ఆ గడి దగ్గర ఆగిపోతారు. "నీదే రాయి అక్కా" అంటారు. ఈమె రాస్తుంది. ఒకరిని చూసి ఒకరు అలా రాయించుకుని, నాలుగైదు వందల మంది ఉత్తరాలు వచ్చి పడేది ఈమె కొట్టు మెయిల్‌లోకే. నా గ్యాసు కనెక్షన్‌కు ఉన్నదీ అదే. ఎవరిది వాళ్లకు చేసివ్వరాదా అని నేను విసుక్కుంటే, "చేసిస్తే పాస్‌వర్డ్ మర్చిపోతరక్కా, మల్ల నా దగ్గరికే వస్తరు" అనేది. అదీ నిజమే కనుక నేను నోరు మూసుకునేదాన్ని.

మూడేళ్ల కిందట ఒకరోజు హాల్ టికెట్ అని మెయిల్ వచ్చింది, కింద ఒక ఫైలు జతచేసి ఉంది. ఎవరో పిల్లదానికి తొందరగా ఉందని నాగరాణి దాన్ని తెరిచింది. అది మళ్లీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. ఈమె కొట్టింది. గంట తిరిగేసరికి ఆ మెయిల్ ఈమె చేతుల్లో లేదు. ఎవడో లోపల కూర్చుని తాళం మార్చేశాడు. తిరిగి చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజుల్లోనే హరిలాల్‌కు ఉద్యోగంలో చేరమని ఉత్తరం వచ్చింది. హరిలాల్‌ది మిర్యాలగూడ దగ్గర తండా. కోదాడలో గది తీసుకుని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాడు. అతను ఉత్తరం చూసేసరికి చేరాల్సిన తారీఖు దాటి మూడు రోజులయింది. లిస్టులో తర్వాతి వాణ్ని తీసేసుకున్నారు. అతను కొట్టుకొచ్చి, ఈమె ఏడుపు చూసి, "నువ్వేం జేస్తవక్కా, వాడెవడో చేసిండు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఇప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లులో బస్తాలు తూకం వేస్తున్నాడు. తిట్టి వెళ్లుంటే నాగరాణికి అన్నం సహించేదేమో. తిట్టలేదు.

ఆ రోజే వాళ్ల నాన్న ఫోన్లో అన్న మాట చెక్కకు ఇవతల నేనూ విన్నాను. "బిడ్డా, తెల్వని జీవం దానంతట అదే వచ్చి మన మందల కలిస్తే ఏం జేస్తం? దొడ్లెకు తోలుతమా? రోగమున్నదో ఏమో. బయట కట్టేస్తం." ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే ఈమె ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు గోడ మీద కాగితం అంటించింది: "తెలియని మెయిల్ తెరవబడదు." అప్పటి నుంచి రోజూ పొద్దున్నే దీపం పెట్టి, కుర్చీలో కూర్చుని, తెలియని చోటు నుంచి వచ్చిన మెయిల్ ప్రతిదాన్నీ పేరు కూడా చదవకుండా తీసేసేది. "చెత్త ఊడ్చినట్టు ఊడ్చెయ్ నాగరాణీ" అని మెచ్చుకున్నదాన్ని నేనే. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

మొన్న జూన్‌లో ఒక మంగళవారం, పదిన్నరకు, అలాగే ఊడుస్తుంటే ఆమె ఫోన్ మోగింది. చేసింది సుకన్య. కోదాడ పక్క తండా పిల్ల, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. సర్కారు దవాఖానలో నర్సు పోస్టులకు ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టింది. ఆ పిల్ల గొంతు చెక్క దాటి వచ్చింది.

"అక్కా, నాకు మెసేజ్ వచ్చింది. మెయిల్ సూసుకోమంటున్నరు. సర్టిఫికెట్లు సాయంత్రం నాలుగింటికల్లా పంపకపోతే పేరు కొట్టేస్తరంట. నేను ఒరిజినల్స్ పట్టుకొని బస్సెక్కుతున్న."

నేను మిషను ఆపి అటు వెళ్లాను. మెయిల్ తెర మీద ఉంది, నాగరాణి వేలు దాన్ని తీసేసే గుర్తు మీద ఉంది. ఆ ఫోన్ ఇంకో నిమిషం ఆలస్యమైతే అదీ పోయేది. పైన ఆఫీసు పేరు పెద్దక్షరాల్లో ఉంది, ముద్ర కూడా ఉంది. కింద ఒక ఫైలు.

"సూడక్కా, పేరు సర్కారుది. పంపిన అడ్రస్ సూస్తే ఎవడిదో సొంత మెయిల్, వెనక ఏవో నంబర్లు. ఫైలుకు తాళమేసి, తాళంచెవి మళ్ల గిదే మెయిల్‌ల రాసిండు. సర్కారోళ్లు గిట్ల పంపుతరా?"

"పంపరేమో. తీసెయ్ మరి."

"పంపితేనో?" అంది.

ఆ పోస్టులు మళ్లీ ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. సుకన్య తల్లి గౌరీబాయి మిరప తోటల్లో కూలికి పోయి ఆ పిల్లను నర్సింగ్ చదివించింది. వాళ్ల తండాలో సర్కారు ఉద్యోగం గడప తొక్కబోయే మొదటి ఆడపిల్ల సుకన్యే. ఆ ఫైలు తెరిస్తే నాలుగు వందల మంది మెయిల్ మళ్లీ దొంగ చేతికి పోవచ్చు. తెరవకపోతే ఈ ఒక్క పిల్ల బతుకు పోవచ్చు.

పన్నెండుంబావుకు సుకన్య వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేని కళ్లు, చంకలో ప్లాస్టిక్ ఫైలు. కూర్చోలేదు.

"తెరువక్కా."

"తెరవను సుకన్యా."

"జర తెరువక్కా, నీ కాళ్లు మొక్కుత. ఫారం నింపి, ఆధారు, సర్టిఫికెట్లు స్కాన్ చేసి పంపితే ఖతం. ఓటీపీ వస్తదంట, అది చెప్పాలెనంట."

"ఓటీపీ ఎందుకంట?"

"నాకేం తెల్సు? అడిగిన్రు."

నాగరాణి పాత కాగితాల కట్ట కిందికి లాగి, నోటిఫికేషన్ జిరాక్సు వెతికి, దాని మీదున్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఐదుసార్లు చేసింది. సుకన్య ఓపిక పట్టలేక, "మెయిల్లనే నంబరున్నది కదా, దానికి చేయి" అంది.

"దొంగిచ్చిన నంబరుకు చేస్తే దొంగే ఎత్తుతడు. వాడు అసలోడో దొంగోడో వాన్నే అడిగితే ఏం చెప్తడు?"

సుకన్యకు కోపం వచ్చింది. ఆ కోపం నాకు అర్థమైంది. "నువ్వు భయపడుతున్నవ్. హరిలాల్ అన్న సంగతి నాకు తెల్వదా? అప్పుడు తెరిచి ఆయన నోట్ల మట్టి గొట్టినవ్, ఇప్పుడు తెరవక నా నోట్ల కొడుతున్నవ్."

ఈ మాటకు నేను ఆ పిల్లను కొట్టేదాన్నే. నాగరాణి నా చెయ్యి పట్టుకుంది. కాసేపు గోడ మీది కాగితం వైపు చూసింది. గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. లేచి కంప్యూటర్ ఆపేసింది.

"సూర్యాపేట పోదాం పట్టు. ఆఫీసుల అడుగుదాం. ఒరిజినల్స్ పట్టుకో. అక్కా, నువ్వు రావాలె. నాకు కాళ్లు ఆడుత లేవు."

పెళ్లివాళ్ల జాకెట్లు ఆరు నా బల్ల మీద పడున్నాయి. తిట్టుకుంటూనే షట్టరు దించాను.

హైదరాబాదు బస్సు నిండుగా ఉంది. మునగాల దాటేదాకా సుకన్య కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తల్లికి ఫోన్ చేసి, "యాడీ" అంటూ వాళ్ల భాషలో ఏదో చెప్పి ఏడ్చింది. లంబాడీ పిల్లలు అమ్మను అలా పిలుస్తారు. నాగరాణి నా భుజాన్ని ఆనుకుని మెల్లగా మాట్లాడింది. మాట్లాడకపోతే ఆమెకూ ఏడుపొచ్చేలా ఉంది.

"నాకు పదేండ్లున్నప్పుడు మా మందల ఒక గొర్రె కలిసింది అక్కా. చెవి కోత మాది కాదు. ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి కోత ఉంటది కదా. మా నాయిన దాన్ని దొడ్డి బయట గుంజకు కట్టేసిండు. నీళ్లు బయటనే, మేత బయటనే. తెల్లారి నన్ను ఎంటబెట్టుకొని, గొర్రెకు తాడు కట్టి, ఊరూరు తిరిగిండు. ఈ కోత ఎవరిదని అడుగుకుంట మూడూర్లు పోయినం. మూడో ఊర్ల ఒక ముసలామె ఉరికొచ్చి దాని మెడ పట్టుకున్నది. రెండ్రోజుల సంది దాని కోసం చెట్లు పుట్టలు తిరుగుతున్నదంట. అందుకే పోతున్నం. కోత ఎవరిదో వాళ్ల ఇంటికే పోయి అడగాలె."

నాకు ఆ మాట నచ్చింది. కానీ బస్సు హైవే మీద అరగంట ఆగిపోయినప్పుడు గొర్రెలూ చెవికోతలూ నాకు ఏ ధైర్యమూ ఇవ్వలేదు. ముందు లారీ ఏదో అడ్డం పడిందట. సుకన్య ప్రతి రెండు నిమిషాలకూ ఫోన్లో టైము చూస్తోంది. ఆ పిల్ల చూసినప్పుడల్లా నేనూ చూశాను.

సూర్యాపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని ఆఫీసు చేరేసరికి మూడున్నర. మెట్ల మీద జనం. నర్సుల పోస్టుల సీటు దగ్గర క్లర్కు లేడు, మీటింగులో ఉన్నాడన్నారు. వరండాలో నిలబడ్డాం. మూడూ నలభైకి సుకన్య ఫోన్ మోగింది. తెలియని నంబరు. నాగరాణి స్పీకరు పెట్టమని సైగ చేసింది.

"సుకన్యగారేనా అమ్మా? ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ." మగ గొంతు, ఎంతో మర్యాద. మా వైపు మాటే. అది విని నాకు సిగ్గేసింది. "మీ సర్టిఫికెట్లు ఇంకా అందలేదమ్మా. అందరివీ వచ్చేశాయి, మీది ఒక్కటే మిగిలింది. ఇంకో ఇరవై నిమిషాల్లో సైటు మూసేస్తాం. మీ ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అది చెప్పండి చాలు. పేరు పోకుండా నేను చూస్తాను."

ఆయన అంటుండగానే సుకన్య ఫోన్లో టింగుమని ఓటీపీ పడింది. సుకన్య పెదవులు కదిలాయి. మొదటి అంకె బయటికి వచ్చింది కూడా. నాగరాణి ఆ పిల్ల నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చేత్తో ఫోన్ లాక్కుంది.

"సార్, మంచిదైంది. మేం మీ ఆఫీసులనే ఉన్నం, వరండల. మీరు ఏ రూముల కూసున్నరు సార్? సర్టిఫికెట్లు చేతికే ఇస్తం."

అటు చప్పుడు లేదు. తర్వాత ఫోన్ కట్టయింది.

సుకన్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నేను ఆ పిల్ల వీపు నిమిరాను. మధ్యాహ్నం కొట్టాలనుకున్న చెయ్యే. గండం గడిచిందని, ఇక ఇంటికి పోయి జాకెట్లు కుట్టుకోవచ్చని నేను అనుకున్నాను.

అప్పుడు క్లర్కు వచ్చాడు. నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివర ఉంది. నాగరాణి మెయిల్ సంగతంతా చెబితే తల ఊపాడు.

"దొంగది. పొద్దున్నుంచి మీరు నాలుగో వాళ్లు. మేం ఓటీపీ అడగం, సర్టిఫికెట్లు మెయిల్‌ల తీసుకోం." సుకన్య వైపు తిరిగాడు. "నీ పేరేందమ్మా?"

చెప్పింది. ఆయన లిస్టులో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లి, ఒకచోట ఆపాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"నీ పేరు సెలెక్షన్ లిస్టుల ఉన్నది కదమ్మా. వెరిఫికేషన్‌కు ఎందుకు రాలె? ఇయ్యాల్నే ఆఖరు. ఐదింటికి బంద్. పోయిన బుధవారమే మెయిల్ పంపినం, నువ్విచ్చిన మెయిల్‌కే."

సుకన్యకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాగరాణి వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె నోరు మెదపకుండా ఉంటే ఆ సంగతి అక్కడే సమాధి అయ్యేది. మెయిల్ రాలేదంటే ఎవరూ ఆమెను అడిగేవాళ్లు కారు. నేను మనసులో దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను, ఈమె నోరు విప్పకుండా చూడమని.

"వచ్చింది సార్," అంది నాగరాణి. "వచ్చే ఉంటది. నేనే తెరవకుంట తీసేసిన. రోజు తీసేస్త సార్, తెల్వనివన్ని."

సుకన్య ఆమె మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. క్లర్కు గోడ గడియారం చూశాడు.

"అవన్ని తర్వాత. ఒరిజినల్స్ ఉన్నయా?"

ఉన్నాయి. దొంగకు పంపడానికి తెచ్చిన ఒరిజినల్సే ఆ పిల్ల చంకలో ఉన్నాయి. అప్పటికి నాలుగుంబావు. రెండు సెట్లు జిరాక్సులు కావాలన్నారు. నాగరాణి చెప్పులు మెట్ల మీదే వదిలేసి రోడ్డు అవతలి కొట్టుకు పరుగెత్తింది. రోజంతా జిరాక్సులు తీసే మనిషి, పక్కవాడి మిషను దగ్గర లైనులో నిలబడి, జరగండి జరగండి అని అందరినీ బతిమాలుతుంటే కిటికీలోంచి చూశాను. నాకు కళ్లు మసకలయ్యాయి. నాలుగూ యాభైరెండుకు సుకన్య సంతకం పెట్టింది. క్లర్కు రసీదు చేతిలో పెట్టి, "అదృష్టం ఉన్నది నీకు" అన్నాడు.

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. చివ్వెంల దాటాక నాగరాణి తనలో తనే అన్నట్టు అంది.

"మా నాయిన కట్టేసిండు. నేను తరిమేసిన."

ఊడ్చెయ్ అన్నదాన్ని నేనే కదా. ముందు సీట్లోంచి సుకన్య వెనక్కి తిరిగింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోతుండె అక్కా."

"తెల్వకపోతే నువ్వు మల్ల నా మెయిలే ఇస్తుంటివి."

సుకన్య ఫోన్ తీసి ఆమె చేతికిచ్చింది. "నాకు నాది చేసియ్యి. పాస్‌వర్డ్ నేనే పెట్టుకుంట, నువ్వు అటు తిరుగు." నాగరాణి నిజంగానే కిటికీ వైపు తిరిగింది. మునగాల వచ్చేలోపు ఆ పిల్లకు సొంత మెయిల్ తయారైంది. మధ్యాహ్నం అన్న మాటకు సుకన్య క్షమాపణ చెప్పలేదు. కోదాడలో దిగేటప్పుడు మాత్రం నాగరాణి సంచి తనే మోసింది.

షట్టరు ఎత్తేసరికి ఆరున్నర, ఇంకా వెలుతురు ఉంది. నేను నా జాకెట్ల దగ్గర కూర్చున్నాను. అటు నాగరాణి కంప్యూటర్ పెట్టింది. తీసేసిన మెయిళ్లు నెల రోజుల పాటు ఒక మూల పడి ఉంటాయట, ఆ తర్వాతే నిజంగా పోతాయట. ఆ మూలలో నూట ముప్పై ఏడు ఉన్నాయి. మూడేళ్లలో ముందు తుడుచుకుపోయినవి ఎన్నో, వాటిలో ఎవరి బతుకులున్నాయో, ఇక ఎవరికీ తెలియదు. ఆమె ఆ మాట అననూ లేదు, నేను అడగనూ లేదు.

ఒక్కోదాన్నీ తెరవకుండా, పైనున్న పేరూ పంపిన చోటూ చూసి నోటుబుక్కులో రాసుకోసాగింది. ఎవరి పేరున వచ్చింది, ఎక్కడి నుంచంటోంది, ఎవరిని అడగాలి. పెన్ను చప్పుడు చెక్క ఇవతలికి వినపడుతోంది. అరగంటకు ఆ చప్పుడు ఆగిపోయింది. ఎంతకీ మళ్లీ మొదలవకపోతే లేచి వెళ్లాను.

ఆమె తెర మీద ఒక పేరు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. హరిలాల్. తెరవకుండానే కనపడే పై వరుసలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు, నల్లగొండ, హాజరు కావాల్సిన తారీఖు రేపు అని ఉంది. వచ్చి తొమ్మిది రోజులయింది.

"వీడు మళ్లీ నీ మెయిలే ఇచ్చాడా?" అన్నాను. నాకు కోపమో దుఃఖమో తెలియలేదు.

నాగరాణి ఫోన్ తీసి నంబరు నొక్కింది. అటు రైసుమిల్లు హోరు, దాని మధ్య హరిలాల్ గొంతు.

"చెప్పక్కా."

"హరిలాల్, నీ పేరు మీద ఒక మెయిల్ వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులయింది, తీసి పడేసింది నేనే. అసలుదో దొంగదో నాకు తెల్వదు, ఇంకా తెరవలేదు. రేపు పొద్దున పదింటికని ఉన్నది. నీ సర్టిఫికెట్లు పట్టుకొని మొదటి బస్సుకు నల్లగొండ రా. నేను కోదాడ నుంచి వస్త. ఇద్దరం ఆఫీసుకే పోయి అడుగుదాం."

మిల్లు హోరు ఒక్కటే వినపడుతూ ఉంది. నాగరాణి కళ్లు మూసుకుంది.

"వస్త అక్కా," అన్నాడు హరిలాల్. "నువ్వు ఏడ్వకు."